మొదటి వారపు పరీక్ష: మన్యసీమలో సీపాప్ చికిత్స

నిద్రలో శ్వాస నిలిచిపోవు వ్యాధికి, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలిని ఎడతెగక పంపు సీపాప్ యంత్రమును వాడుటను గూర్చి గత నాలుగు దశాబ్దములలో వెలువడిన వైద్యవాఙ్మయమునంతయు ఒకచోట చేర్చి చూచినచో, తక్కిన వివాదములెన్ని యున్నను, రెండు మాటలు నిర్వివాదముగా నిలుచును: యంత్రము ముఖమున నున్నంతసేపు తన పనిని దాదాపు తప్పక చేయును, దానిని రాత్రియెల్ల ముఖమున నుంచుకొనుట మాత్రము చాలమందికి దుష్కరము. మొదటి మాట శాస్త్రజ్ఞుల విజయముగా ప్రశంసింపబడినది. రెండవ దానికి రోగి అశ్రద్ధయే కారణమని తేల్చివేయుట పరిపాటియైనది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో, తూర్పు కనుమల నడుమ అరకులోయ, అనంతగిరి, హుకుంపేట, పాడేరు ప్రాంతముల జీవనపరిస్థితులలో అది యెట్లు తేలునో విచారించుటయే ఈ సమీక్షకు ఉద్దేశము.

వ్యాధి స్వరూపమును ముందుగా చెప్పవలెను. మెలకువలో గొంతు చుట్టునుండు కండరములు బిగువు సడలక శ్వాసమార్గమును తెరచియుంచును. నిద్ర పట్టగానే ఆ బిగువు తగ్గును గాన, కొవ్వు పేరుకొనుటచేతనో, దవుడల నిర్మాణముచేతనో, టాన్సిళ్ల వాపుచేతనో ఆ మార్గము ఇరుకైన వారికి నాలుక వెనుకకు జారి, కొండనాలుక చుట్టునున్న మెత్తని భాగము వ్రాలి, గాలి పోవు త్రోవ కొంతయో పూర్తిగనో మూసికొనును. కొంత మూసినప్పుడు గురక వినబడును; పూర్తిగా మూసినప్పుడు ఏమియు వినబడదు. ఇంటివారు గురక తగ్గినదని ఊరట చెందు ఆ నిశ్శబ్దములోనే రక్తమున ప్రాణవాయువు క్షీణించి, మెదడు ఉలికిపడి, నిద్రించువాడు తనకు తెలియకయే క్షణకాలము మేల్కొని, పెద్ద చప్పుడుతో గాలి పీల్చుకొని మరల నిద్రలో మునుగును. పది సెకండ్లకు తక్కువ గాక శ్వాస ఆగుట లేక సన్నగిలుట గంటకు 5 మొదలు 15 పర్యంతము జరిగినచో వ్యాధి స్వల్పమనియు, 15 మొదలు 30 పర్యంతమైనచో మధ్యమమనియు, 30కి మించినచో తీవ్రమనియు వైద్యులు నిర్ణయింతురు. ఉదయపు తలనొప్పి, పట్టపగటి కునికిపాట్లు, లొంగని రక్తపోటు, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచుట, కారణము లేని చిరాకు, ఇవన్నియు దాని బాహ్యలక్షణములు.

ఇది అరుదైన వ్యాధి కాదు. 30 మొదలు 69 ఏండ్ల వయస్సుగల వారిలో ప్రపంచమంతట 93 కోట్ల 60 లక్షలమందికి ఇది ఎంతో కొంత యుండునని 2019లో ఒక అంతర్జాతీయ అంచనా ప్రకటితమైనది. మనదేశపు పరిశోధనలను క్రోడీకరించి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వెలువరించిన సమీక్ష ప్రకారము వయోజనులలో నూటికి 11 మందికి, పురుషులలో 13 మందికి, స్త్రీలలో 5గురికి ఇది కలదు. పనిచేయు వయస్సువారిని లెక్కించినచో పదికోట్లకు పైబడుదురు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రముల పాటలతో తెలుగు వారికి ఆత్మీయుడైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో మరణించినప్పుడు, ఆయనకు ఈ వ్యాధి యున్నదని వైద్యులు ప్రకటించిన తరువాతనే మన పత్రికలలో దీని పేరు విరివిగా కనబడసాగినది. అంతవరకు గురక నవ్వులాటకు వస్తువే గాని వైద్యునికి చెప్పుకొనవలసిన బాధగా ఎంచబడలేదు.

చికిత్సాచరిత్రము స్వల్పమేయైనను బోధప్రదమైనది. 1965లో ఫ్రాన్సున గాస్తో బృందమును, జర్మనీలో యుంగ్, కూలో అనువారును నిద్రలో శ్వాస ఆగు తీరును వేర్వేరుగా నమోదుచేసిరి. అటుపిమ్మట పదునైదేండ్లు తీవ్రరోగులకు నమ్మదగిన చికిత్స యొక్కటియే: కంఠమున రంధ్రము చేసి, మూసికొనిపోవు భాగమునకు దిగువనుండి గాలి పోవునట్లు చేయుట. 1980లో సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ అను వైద్యుడు దీనికి ప్రత్యామ్నాయముగా ముక్కు ద్వారా స్వల్ప ఒత్తిడితో గాలిని ఎడతెగక పంపి చూడగా, ఆ గాలియే లోపలినుండి ఊతమై గొంతును తెరచియుంచెను. ఐదుగురు రోగులపై జరిగిన ఆ ప్రయోగవృత్తాంతము 1981 ఏప్రిల్‌లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటితమైనది. తొలినాటి యంత్రములు మిక్కిలి మోటువి, చెవులు హోరెత్తించునవి; దుమ్ము పీల్చు గృహయంత్రముల మోటార్లనే వాటిలో వాడిరి. మాస్కు ఒక్కొక్క రోగి ముక్కునకు అచ్చు తీసి పోతపోసినది. దానిని ప్రతిరాత్రియు సిలికోన్ జిగురుతో అంటించుకొనవలసి వచ్చెడిది. అట్టి దుర్భర సాధనముతో కూడ ఆ తొలితరము రోగులు పలువురు ఏండ్ల తరబడి నిద్రించిరన్న విషయమును మనస్సున నుంచుకొనవలెను. ఏలయన, వారి మాస్కును వారి ముఖము చూచి చేసిన వైద్యులు వారికి చేరువలోనే యుండిరి.

యంత్రము చేయు మేలెంత? ఈ ప్రశ్నకు ఒకే బరువుగల సమాధానము లేదు. పగటి నిద్రమత్తు విషయమున సాక్ష్యము దృఢమైనది. 1999లో ఆక్స్‌ఫర్డు వైద్యులు 107 మంది పురుషులలో కొందరికి సరియైన ఒత్తిడిని, కొందరికి పేరునకు మాత్రము గాలి వచ్చు నిష్ఫలమైన ఒత్తిడిని నెలదినములు ఇచ్చి చూడగా, 24 మార్కులతో కొలుచు ఎప్‌వర్త్ నిద్రమత్తు పట్టికలో మొదటి వర్గమువారు సుమారు పదునైదున్నర నుండి 7కు దిగిరి; రెండవ వర్గమువారు 15 నుండి 13 వద్ద నిలిచిరి. రక్తపోటు తగ్గుదల నిజమే గాని సగటున రెండుమూడు అంకెలకు మించదు. గుండెపోటును, పక్షవాతమును ఆపునా అన్నచో, ఇదివరకే గుండె లేక మెదడు రక్తనాళముల జబ్బున్న 2,717 మందిని చేర్చుకొని, మనదేశముతో గూడ ఏడు దేశములలో నడచి 2016లో ముగిసిన ‘సేవ్’ పరిశోధన అట్టి రక్షణను చూపజాలలేదు. అయితే ఆ పరిశోధనలో రోగులు యంత్రమును ధరించినది రాత్రికి సగటున 3.3 గంటలు మాత్రమే. రాత్రిలో సగముకంటె తక్కువకాలము పుచ్చుకొన్నందున మందు పనిచేయలేదనుట న్యాయమా, మందే చాలదనుట న్యాయమా అను తర్కము నేటికిని తెగలేదు. ఆ పరిశోధనలోని వారికిని గురక, పగటి మత్తు, మనోవ్యాకులత తగ్గినవన్నది మాత్రము స్పష్టము. ఇక వ్యాధిని సమూలముగా నయము చేయు శక్తి దీనికి లేదు. గాలి ఆపిన రాత్రియే గొంతు మరల మూసికొనును.

ఎన్ని గంటలు ధరించవలెనన్న ప్రశ్నకు 2007లో టెర్రీ వీవర్ బృందము చేసిన పరిశోధన మంచి కొలబద్దను ఇచ్చినది: రోగి తానై చెప్పు మత్తు తగ్గుటకు రాత్రికి 4 గంటలు, పరీక్షలలో కనబడు మత్తు తగ్గుటకు 6 గంటలు, దైనందిన కార్యములలో చురుకుదనము తిరిగివచ్చుటకు ఏడున్నర గంటలు. అమెరికా వృద్ధుల వైద్యబీమా సంస్థ నెలలో నూటికి 70 రాత్రులు, రాత్రికి 4 గంటలు ధరించినవారినే వాడుకరులుగా గుర్తించును. ఇది కనిష్ఠము గాని ఆదర్శము కాదు. ఈ కనిష్ఠమైనను ఎందరు చేరుచున్నారు? 1993లో క్రిబ్స్ బృందము రోగులకు తెలియకుండ యంత్రములో గడియారమునమర్చి చూడగా, 35 మందిలో 60 శాతము ప్రతిరాత్రియు వాడుచున్నామని చెప్పిరి. గడియారపు లెక్కలో ఈ కనిష్ఠమును చేరినవారు 16 మంది మాత్రమే. మొదటి నాలుగైదు దినములలోనే వాడువారు, మానువారు అని రెండు తెగలుగా చీలిపోవుదురనియు, ఆ చీలిక తరువాత పెద్దగా మారదనియు 1997 నాటి మరియొక పరిశోధన తేల్చినది. అన్నింటికంటె ఆలోచింపజేయునది 2016లో వెలువడిన ఒక సమీక్ష. 1994 మొదలు రెండు దశాబ్దములు యంత్రములు చిన్నవై, నిశ్శబ్దములై, తెలివిగలవై, మాస్కులు మెత్తనివై ఎంత మారినను, వాడుకలో వైఫల్యము నూటికి 34 వంతున ఇంచుమించు కదలక నిలిచినదని అది చూపినది. లోపమంతయు యంత్రములోనిదే యైనచో ఈ యిరువదియేండ్లలో అది కొంతయైన తగ్గవలసియుండెను.

మొదటి వారమున కొత్తవానికి ఎదురగు కష్టములను వరుసగా చూతము. కొత్త చెప్పు కాలిని కరచునట్లు కొత్త మాస్కు ముక్కు ఎముకపై కరచును; గాలి కారుచున్నదని రోగి పట్టీలను ఇంకను బిగించును; బిగించిన కొలది మెత్తని సిలికోన్ అంచు నలిగి గాలి మరింత కారును, చర్మము కందును. పట్టీలను కూర్చుండి గాక పరుండి, గాలి నడుచుచుండగనే సరిచూచుకొనవలెననియు, గాలి కారనంతవరకు ఎంత వదులుగా నున్న అంత మేలనియు చెప్పువాడుండిన ఈ బాధలో సగము తీరును. మాస్కులు మూడు తీరులు: ముక్కు రంధ్రములకు మాత్రము ఆనునవి, ముక్కును కప్పునవి, ముక్కునోళ్లను రెంటిని కప్పునవి. పెద్దదే క్షేమమని చాలమంది తలతురు గాని, నోటిని కప్పునవి గాలిని ఎక్కువ వదలి ఎక్కువ ఒత్తిడి కోరుననియు, వాటిని ధరించువారు తక్కువ గంటలు వాడుదురనియు పరిశోధనలు చెప్పుచున్నందున, 2019లో అమెరికా నిద్రావైద్య పరిషత్తు ముక్కు మాస్కులతోనే ఆరంభింపుమని సూచించినది. ముఖమును సబ్బుతో కడిగి తుడుచుకొని ధరించుట, మీసము గడ్డములవద్ద గాలి దారి చూచుకొనుట, తలకు దట్టముగా నూనె రాచుకొన్న రాత్రి పట్టీల క్రింద పలుచని గుడ్డ కట్టుకొనుట, చిన్న విషయములే యైనను, యంత్రము అటకెక్కుటకు ఇవియే సామాన్య కారణములు.

రెండవది గాలి భయము. వచ్చు గాలికి ఎదురుగా ఊపిరి విడుచుట మొదట వింతగాను, కొందరికి ఉక్కిరిబిక్కిరిగాను తోచును. ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో 4 మొదలు 20 వరకు మార్చవచ్చును; నిద్రపట్టువరకు తక్కువతో ఆరంభించి మెల్లగా పెంచు ఏర్పాటు, ఊపిరి విడుచునప్పుడు ఒత్తిడిని తగ్గించు ఏర్పాటు, అవసరమును బట్టి తానే హెచ్చుతగ్గులు చేసికొను విధానము నేటి యంత్రములలో పలువాటికి కలవు; వానిని రోగికి చూపువారే కరవు. మూసిన వస్తువు ముఖముపై నుండుటయే భయమైన వారికి మెలకువలోనే అభ్యాసము అవసరము: ముందు మాస్కును చేత పట్టుకొని ముఖమున ఆనించుట, పిమ్మట పట్టీలు కట్టుకొని రేడియో వినుచు కూర్చుండుట, తరువాత గాలితో, తరువాత మధ్యాహ్నపు కునుకులో, చివర రాత్రి నిద్రలో. గాలి మ్రింగి కడుపుబ్బినచో ఒత్తిడిని వైద్యునిచే సరిచేయించుకొని ప్రక్కకు ఒత్తిగిలి పరుండవలెను. నోరెండినచో నోటినుండి గాలి పోవుచున్నదని గ్రహింపవలెను. ముక్కు దిబ్బడను ముందు నయము చేయించుకొననిదే ఏ మాస్కును నిలువదు. అర్ధరాత్రి తెలియకయే మాస్కు ఊడదీసికొనుట సర్వసామాన్యము. మెలకువ రాగానే తిరిగి పెట్టుకొనుటయే దానికి మందు. ఇక కరెంటు పోయిన ఊపిరాడక చచ్చిపోదుమేమో యను భయము: మాస్కులకు ఊపిరి వెలిపోవు రంధ్రములున్నవి, నోటిని కప్పువాటికి గాలి ఆగినప్పుడు తెరచుకొను కవాటమున్నది, గాలి ఆగినప్పుడు మనిషి మేల్కొని మాస్కు తీసివేయును. ఈ ఒక్క మాటను యంత్రమిచ్చిననాడే చెప్పినచో ఎన్నియో రాత్రులు నిశ్చింతగా గడచును.

ఇంతవరకు చెప్పినవి నగరమునకును కొండకును సమానములు. ఇక అరకు సంగతి. ఈ లోయ సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైన నున్నందున వాతావరణపు ఒత్తిడి విశాఖ తీరముకంటె పదవవంతు తక్కువ. నేటి యంత్రములు ఎత్తును తామే లెక్కించుకొనును గాన ఇది చికిత్సకు అడ్డు కాదు. అడ్డు వచ్చునది చలి. మార్గశిర పుష్యమాసములలో లోయలో పొగమంచు గ్రమ్మి, చింతపల్లి, లంబసింగి వైపు ఉష్ణము సున్నా చేరువకు దిగు రాత్రులలో, తేమపెట్టెనుండి వెచ్చగా బయలుదేరిన గాలి చల్లని గొట్టములో నీరై పేరుకొని, గలగల శబ్దముతో ముఖముపై చిప్పిల్లును. యంత్రమును పడకకంటె తక్కువ ఎత్తున నుంచుట, గొట్టమునకు ఉన్నిగుడ్డ చుట్టుట లేక దుప్పటి లోపలినుండి తెచ్చుట, తేమను ఒక మెట్టు తగ్గించుట దీనికి చౌకయైన ఉపాయములు. వేడి గొట్టము కొనగలవారికి అదియు కలదు. తేమపెట్టెను మానివేసిన గొంతు ఎండి మంటపుట్టును. పెట్టెలో పోయవలసినది బట్టీ పట్టిన నీరు. కొండ ఊటలనుండి గొట్టములద్వారా వచ్చు నీరు త్రాగుటకు ఎంత మధురమైనను అందులోని లవణములు పెట్టె అడుగున తెల్లని పొరకట్టును. కాచి చల్లార్చుట క్రిములను చంపును గాని లవణములను తీయదు. బట్టీ నీరు దొరకని వారమున కాచిన నీరే వాడవలసివచ్చినచో ప్రతి ఉదయము పారబోసి, కడిగి ఆరబెట్టి, పొర కనబడినప్పుడు తొలగింపవలెను.

విద్యుత్తు రెండవ చిక్కు. గాలివానకు చెట్లు తీగలపై కూలుట కొండలలో ఏటేట జరుగునదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినప్పుడు కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ వృక్షములు నేలకొరగి, మన్యమున పలుగ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. నీటిని వేడిచేయకుండ నడుపు సీపాప్ యంత్రము సుమారు 30 వాట్లు మాత్రమే కోరును. ఎనిమిది గంటలకు పావు యూనిట్టు. నీటిని, గొట్టమును వేడిచేసినచో అది రెండుమూడు రెట్లగును. కావున ఇంటి ఇన్వర్టరుకు గట్టి బ్యాటరీ యున్నచో వేడిమిని ఆపి ఒకటి రెండు రాత్రులు నిశ్చింతగా గడపవచ్చును. చౌకరకపు ఇన్వర్టర్లు ఇచ్చు ముతక విద్యుత్తు కొన్ని యంత్రములకు సరిపడదు గాన కొనుటకు ముందు అడిగి తెలిసికొనవలెను. కారు బ్యాటరీతో నేరుగా నడుచు యంత్రములును కలవు. గ్రామములలో పంచిన చిన్న సౌరదీపములు ఈ పనికి చాలవు. ఈ ప్రశ్నలన్నియు యంత్రము కొనక పూర్వమే వేయవలసినవి. నగరపు దుకాణమున వీనిని అడుగువాడును లేడు, చెప్పువాడును లేడు.

ఇంటి తీరును గమనింపవలెను. వంటయు నిద్రయు ఒకే గదిలో జరుగు ఇండ్లలో కట్టెల పొయ్యి పొగ యంత్రపు వడపోత గుడ్డను కొలదిదినములలోనే నల్లబరచును. నగరమున నెలకొకమారు మార్చునది ఇక్కడ అంతకుముందే మార్చవలసివచ్చును, యంత్రమును పొయ్యికి దూరముగా గాలివచ్చు వైపున, నేలదుమ్ము తగులని చిన్న పీటపై నుంచవలెను. మలేరియా భయముచేత దోమతెర తప్పదు. గొట్టమును తెర అంచు క్రిందుగా తెచ్చి పరుపు క్రింద మడచినచో రెండును కలిసి సాగును. ముక్కునకు ఇరుప్రక్కలను నడుమను నత్తులు ధరించు పెద్దవయస్సు గిరిజన స్త్రీలకు ముక్కురంధ్రములలో ఆను మాస్కు అసలు పొసగదు. నత్తును తీయుమని ఆజ్ఞాపించుటకంటె, అంచు నత్తుపై పడని కొలతను ఓపికతో వెదకుట వైద్యధర్మము. సాయంత్రపు జీలుగు కల్లు మరియొక సంగతి. ఏ మద్యమైనను గొంతు కండరములను అధికముగా సడలించి శ్వాసవిరామములను పెంచును. అంతేగాక త్రాగి పడుకొన్నవాడు మాస్కు సంగతి మరచును. పండుగ రాత్రులలో పూర్తిగా మానుమనుట వట్టిమాట యగును గాని, పడకకు కొన్ని గంటల ముందే ఆపుమనుట ఆచరణసాధ్యము. ఇరుగుపొరుగు మాటలకును రోగి జంకును. “ఏటి మావా, ఆసుపత్రి ఇంటికే వచ్చేసినాదా?” అని ఎవరైన నవ్విననాడు యంత్రము మూటలోనికి పోవుట అసాధారణము కాదు. కోవిడ్ దినములు చూచినవారికి ముఖముపై మాస్కన్న ఆక్సిజన్, ఆక్సిజన్ అన్న కడపటి ఘడియ. ఈ యంత్రము ప్రాణవాయువు నిచ్చునది కాదు, గదిలోని గాలినే ఒత్తిడితో పంపునదని కుటుంబమున కందరికి చెప్పుట చికిత్సలో భాగము.

రోగనిర్ణయమునకై కొండవాసి సామాన్యముగా విశాఖపట్నము దిగవలసియుండును. ఘాటుదారిన సుమారు 115 కిలోమీటర్లు, లేదా కిరండూలు లైను ప్యాసింజరులో సొరంగముల గుండ సుమారు నాలుగు గంటలు. ఆ ప్రయాణము ఒకమారు చేయవచ్చును. మాస్కు వదులైన ప్రతిమారు చేయజాలము. యంత్రములు తమ లెక్కలను మొబైల్ తరంగములద్వారా వైద్యునికి పంపు సదుపాయము నగరములలో మొదటి వారపు తప్పులను దూరమునుండియే దిద్దుచున్నది. కొండమలుపున సిగ్నలు పోవు గ్రామములలో మాత్రము యంత్రములోని చిన్న కార్డును ఎవరో ఒకరు చేతులతో మోసికొనిపోవలెను. యంత్రముతో వచ్చు పుస్తకము ఆంగ్లమున నుండును. కువి, పోర్జ, గదబ, ఆదివాసీ ఒడియా మాటలాడు ఇండ్లలో దానివలన ఉపయోగము శూన్యము. అయినను ఇక్కడ ఈ వ్యాధిని ఉపేక్షింపరాని కారణములు మూడున్నవి. అనంతగిరి మలుపులలో జీపులు, వ్యానులు నడుపువాని కునికిపాటు అతని ఒక్కనిదే కాదు, బండిలోని వారందరిది. కొండజాతులలో అధికముగా కనబడు సికిల్ సెల్ వ్యాధిలో ప్రాణవాయువు తగ్గుటయే ఎర్రకణములు కొడవలి రూపు దాల్చుటకు ప్రేరకము. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమమున రక్తపరీక్ష జరుగుచున్నందున, అందు తేలినవారిని, ముఖ్యముగా టాన్సిళ్లు వాచి గురకపెట్టు పిల్లలను, నిద్రనుగూర్చి కూడ ప్రశ్నించుట కష్టము కాదు. ఆ పిల్లలకు యంత్రముకంటె ముందు టాన్సిళ్ల శస్త్రచికిత్స ఆలోచింపదగినది. థైరాయిడ్ మందగించినప్పుడును నాలుక, గొంతు ఉబ్బి ఇట్టి విరామములే కలుగును గాన, గొంతువాపు చిరకాలముగా ఎరిగిన కొండప్రాంతములలో ఆ పరీక్ష ముందుగా చేయవలెను.

యంత్రములపై గ్రుడ్డినమ్మకమును తగదు. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ తన యంత్రములలో శబ్దమణచుటకు వాడిన పాలియురిథేన్ నురుగు శిథిలమై శ్వాసలో చేరవచ్చునని ప్రకటించి లక్షలాది యంత్రములను వెనుకకు రప్పించెను. ఓజోనుతో శుద్ధిచేయుట ఆ శైథిల్యమును త్వరపరచవచ్చునని కూడ హెచ్చరించెను. చేతులు మారి వచ్చు పాతయంత్రములను కొనువారు ఈ విషయమును మరువరాదు. మాస్కును ప్రతిదినము, గొట్టమును వారమునకొకమారు తేలిక సబ్బునీటితో కడుగుట చాలును. మార్గాంతరములును కొన్ని కలవు: స్వల్పవ్యాధికి ప్రక్కకు పరుండుట, క్రింది దవుడను ముందుకు పట్టియుంచు దంతసాధనము, స్థూలకాయులకు బరువు తగ్గుట, అందులకై 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన టిర్జెపటైడ్ సూదిమందు, కొందరికి శస్త్రచికిత్స. ఖర్చుచేతనో పరిమితులచేతనో ఇవి అందరికి చెల్లవు. తీవ్రవ్యాధికి సీపాప్ ప్రథమస్థానము నేటికిని చెక్కుచెదరలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము: యంత్రము అటకెక్కినప్పుడు దోషమెవరిది? ఎడింబరో నగరమున 1999లో 80 మంది రోగులపై జరిగిన పరిశోధనలో ఒక వర్గమువారికి యంత్రమిచ్చి మామూలుగా పంపిరి. రెండవ వర్గమువారికి ఇంటివద్దనే జీవితభాగస్వామి సమక్షమున బోధచేసి, ఆసుపత్రిలో మరికొన్ని రాత్రులుంచి, నర్సులు ఇంటికి పోయి చూచివచ్చిరి. యంత్రమొక్కటే, రోగులొక్కతీరువారే, అయినను ఆరునెలల పర్యంతము రెండవ వర్గము రాత్రికి గంటన్నర అధికముగా వాడెను. సిడ్నీలో 2007లో ఆరంభమునకు ముందు గంటసేపటి రెండు సామూహిక బోధనలు పొందినవారు నెల తరువాత తక్కినవారికంటె రాత్రికి దాదాపు మూడు గంటలు అధికముగా ధరించిరి. ఇరువదియేండ్లలో యంత్రనిర్మాణము సాధింపలేనిదానిని ఒక నర్సు రాకపోక, తోటివారితో గడపిన రెండు గంటలు సాధించినవన్నమాట. రోగి ఓర్పు అతని స్వభావములో మాత్రమే పుట్టునది కాదు, సకాలమున అందిన సహాయముతో పెరుగునదని దీనివలన తేలుచున్నది.

ఈ పాఠము మనకు కొత్తది కాదు. మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము శానిటోరియములో ఉంచక ఇంటివద్దనే క్షయను కుదుర్పవచ్చునని 1959లో లోకమునకు నిరూపించినది. మందిచ్చి పంపుట చాలదు, మ్రింగునప్పుడు చూచువాడుండవలెనను సూత్రముపై తరువాత సవరించిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము నిర్మితమైనది. మన్యమున ఆ సూత్రమును ఆచరించువారు ఇప్పటికే కలరు: గ్రామముననే నివసించి ఆ ఇంటిభాష మాటలాడు ఆశా కార్యకర్త, వారమువారము తిరుగు ఏఎన్ఎం, 2018 మొదలు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంతముల ఇరుకు దారులలో నడచు ద్విచక్ర అంబులెన్సు. జిల్లాకేంద్రమైన పాడేరులో వైద్యకళాశాలయు నెలకొన్నది. నిద్రాపరీక్షలను చదువుట ఏఎన్ఎం పని కాదు. మాస్కు పట్టీ వదులు చేయుట, ముక్కు దిబ్బడ గుర్తించుట, తేమ తగ్గించుట, వడపోత గుడ్డ మార్చుట, యంత్రపు తెరపై గంటలు చదివి వ్రాసికొనుట, కష్టమైనచో పాడేరునకు ఫోను చేయుట, ఇవి ఒకదినపు శిక్షణతో అలవడు పనులు. మూడు కొలతల మాస్కులను పాడేరు ఆసుపత్రిలో నిలువయుంచి, సరిపడనిదానిని మార్చుకొను వీలు కల్పించినచో విశాఖ ప్రయాణములలో అధికభాగము తప్పును. కేంద్రప్రభుత్వోద్యోగులకు యంత్రపు వెలనిచ్చు పద్ధతి ఇప్పటికే కలదు. పేదరోగికి వెల దొరకుట ఎంత ముఖ్యమో, వెలతోపాటు ఈ తోడు దొరకుటయు అంత ముఖ్యము.

కావున సీపాప్ వాడుకను కొలుచు పద్ధతియే మారవలెను. రోగి రాత్రికి ఎన్ని గంటలు ధరించెనని అడుగుటకు ముందు, మొదటి వారములో అతనిని ఎవరు ఎన్నిమారులు చూచిరని ఆసుపత్రి తన్ను తాను అడుగవలెను; రెండవ ప్రశ్నకు సున్న సమాధానమైనచోట మొదటిదానికి వచ్చిన సమాధానమును రోగి దోషముగా లెక్కించుట అన్యాయము. యంత్రము వ్రాసియిచ్చు చీటిపై ఒత్తిడి అంకెతోపాటు, మూడవ దినమున ఆ ఇంటికి పోవువారి పేరును ఫోను నంబరును కూడ తప్పక వ్రాయు నియమమొకటి ఏర్పడినచో, కొత్త యంత్రమేదియు రాకపోయినను అరకు కొండలలో ఈ చికిత్స సగము గెలిచినట్లే.